టముకు, పాట, ఇల్లు: వేలాల చరిత్రలో కొన్ని పుటలు

పెండ్లికి పాట ఉన్నది. దంపుళ్ళకు పాట ఉన్నది. బిడ్డను ఊపే ఉయ్యాలకు పాట ఉన్నది. అప్పు తీర్చలేని గృహస్థుని ఇల్లు నలుగురి ఎదుట అమ్ముడుపోయేటప్పుడు కూడా మన భాషలో దానిని పాట అనే అంటారు. "ఫలానావారి ఇల్లు పాటకు వచ్చింది", "పాట ఎంతదాకా పోయింది?", "చివరికి ఎవరు పాడుకున్నారు?" అని మనవారు మాట్లాడుకొంటారు. వింటూ పెరిగిన చెవులకు ఇందులో వింత తోచదు. హిందీవారు ఆ సందర్భంలో 'బోలీ' అంటారు, అనగా పలుకు. తమిళులు ఏలం 'కూఱుతారు', అనగా చెబుతారు. నాకు పరిచయమున్న భాషలలో ఆ పనిని పాడడమని చెప్పుకొనేది మనమే.

పాట మనదే గాని వేలం మనది కాదు. పోర్చుగీసువారి 'లెయిలావ్' అనే మాట మరాఠీలో లిలావ్, హిందీలో నీలామ్, మలయాళంలో లేలం, తమిళంలో ఏలం, మన నోట వేలం అయినది. పోర్చుగీసువారికి ఆ మాట అరబ్బుల 'అల్-ఇఅలామ్' నుండి వచ్చినదని 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెబుతున్నది. ఆ అరబ్బీ మాటకు అమ్మకమని అర్థం కాదు. ప్రకటన, నలుగురికీ తెలియజేయడం అని అర్థం. ఉర్దూలో విద్యకు పర్యాయంగా వాడే 'ఇల్మ్' కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. తెలంగాణంలో పెద్దల నోట వినబడే 'హర్రాజు' కూడా అరబ్బీ నుండి వచ్చినదే. చెన్నపట్టణపు ఆంగ్లేయులు ఒకప్పుడు వేలాన్ని 'ఔట్‌క్రై' అనేవారు, అనగా బిగ్గరగా అరచి చెప్పడం. ఇన్ని భాషల మాటలలో ధర ప్రసక్తి కంటె గొంతు ప్రసక్తియే ముందుగా కనబడుతున్నది.

1583 నుండి 1588 వరకు గోవాలో నివసించిన లిన్స్‌ఖోటెన్ అనే డచ్చి యాత్రికుడు ఈ 'లెయిలావ్'ను కన్నులారా చూచి వ్రాసిపెట్టాడు. ఆ నగరపు ప్రధాన వీధిలో, పండుగ రోజులలో తప్ప, ప్రతి ఉదయం ఏడు మొదలు తొమ్మిది గంటల వరకు అది జరిగేదట. అరబ్బీ గుర్రాలు, సుగంధద్రవ్యాలు, చివరికి మనుష్యులు (బానిసలు) కూడా అక్కడ అమ్ముడయ్యేవారు. ఎవరైనా మరణిస్తే, వారు సాక్షాత్తు రాజప్రతినిధి అయినా సరే, వారి సొత్తంతా అక్కడికే వచ్చేదట. అనాథలకు, వితంతువులకు అన్యాయం జరుగకుండా అందరి కన్నుల ఎదుట అమ్మడమే దాని ఉద్దేశమని ఆయన వ్రాశాడు. ఈ మాటను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. బహిరంగంగా అమ్మడం సొత్తు పోగొట్టుకొనేవారి మేలు కోసమే అన్న భావన ఆనాటికే ఉన్నది. మన పల్లెలలో టముకు మోగించి ఇల్లు వేలం వేసిన కాలంలో మాత్రం దానిని మేలుగా తలచిన గృహస్థు ఒక్కడూ ఉండి ఉండడు. ఈ వైరుద్ధ్యం గురించే ఈ టపా.

వేలం రాకపూర్వం మన దేశంలో స్థిరాస్తి ఎలా చేతులు మారేది? పన్నెండవ శతాబ్ది ప్రాంతంలో కళ్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరలో దీనికొక పద్ధతి కనబడుతుంది. (తిక్కన శిష్యుడైన కేతన ఈ గ్రంథాన్నే ఆధారం చేసుకొని తెలుగులో 'విజ్ఞానేశ్వరీయము' వ్రాశాడు. తెలుగులో ధర్మశాస్త్రానికి అది తొలి కావ్యరూపం.) భూమి చేతులు మారాలంటే గ్రామస్థులు, జ్ఞాతులు, ఇరుగుపొరుగువారు, వారసులు సమ్మతించాలి, హిరణ్యోదకాలతో ధారపోయాలి అని అక్కడ చెప్పబడినది. గ్రామస్థుల సమ్మతి ఎందుకు? వారికి హక్కు ఉండి కాదు, వ్యవహారం నలుగురికీ వెల్లడి కావడానికి అని విజ్ఞానేశ్వరుని వివరణ. పొరుగువారి సమ్మతి సరిహద్దు తగవులు రాకుండా ఉండడానికి. అంటే ఇక్కడ కూడా ప్రకటనయే ప్రధానం. తేడా ఒక్కటే. అక్కడ ఊరు సాక్షిగా నిలిచింది, తరువాతి కాలపు వేలంలో ఊరు ప్రేక్షకుడయింది.

అప్పు రాబట్టుకోవడానికి మాత్రం పూర్వులు ఆస్తి మీదికంటె మనిషి మీదికే ముందు వెళ్ళేవారు. పదమూడవ శతాబ్దంలో దక్షిణాదిని చూచిన మార్కో పోలో మాబార్ దేశంలో ఒక ఆచారాన్ని వర్ణించాడు. ఋణదాత ఋణగ్రస్తుని చుట్టూ నేల మీద గిరి గీస్తే, బాకీ తీర్చేదాకా గాని, హామీ ఇచ్చేదాకా గాని అతడు ఆ గిరి దాటరాదు. అక్కడి రాజునే ఒక పరదేశి వర్తకుడు అలా గిరి గీసి నిలబెట్టగా తాను చూచినట్లు ఆయన చెప్పుకొన్నాడు. మనకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ హరిశ్చంద్రుడే. కాశీ వీధిలో ఆలిని, బిడ్డను, తన్ను అమ్ముకొన్నాడు గాని, రాజ్యం ముందే దానమైపోయింది కనుక అమ్ముకోవడానికి ఇల్లు లేదాయనకు. ఆయన వెంటపడిన నక్షత్రకుడు మాత్రం పురాణం దాటి మన వాడుకలోకి వచ్చి, బాకీల కోసం వేధించే ప్రతివాడికీ పేరయి కూర్చున్నాడు. న్యాయస్థానపు అమీనాను ఆ పేరుతో పిలిచిన ఇళ్ళు తెలుగునాట తక్కువేమీ కాదు.

ఆస్తిని బాహాటంగా హెచ్చుపాటకు అమ్మే పద్ధతి తెలుగునేల మీద పెద్దయెత్తున పాదుకొన్నది 1802లో. ఆ యేడు ఇరవై అయిదవ రెగ్యులేషను ద్వారా కుంఫిణీ ప్రభుత్వం ఉత్తర సర్కారులలో శాశ్వత బందోబస్తు ప్రవేశపెట్టింది. పాత జమీందారులకు శాశ్వత హక్కు పత్రాలు ఇచ్చింది, వారు కబూలియతులు వ్రాసి ఇచ్చారు. జమీందారుల క్రింద లేక ప్రభుత్వపు స్వంత అజమాయిషీలో ఉన్న హవేలీ భూములను ఏమి చేయాలి? వాటిని సాలుకు వెయ్యి నుండి అయిదువేల వరహాల శిస్తు వచ్చేటట్లు ముఠాలుగా కోసి, ఎక్కువ పాడినవారికి వేలం వేశారు. పాడినవారిలో వ్యవసాయం ఎరిగినవారు కొద్దిమందే. వర్తకులు, దుబాసీలు, కచేరీలతో సంబంధమున్నవారు ఉత్సాహంగా దిగారు. శిస్తు శాశ్వతంగా నిర్ణయమై ఉన్నది, పాడిన సొమ్ము దానికి అదనం. వాన కురిసినా కురియకపోయినా కిస్తు కట్టవలసినదే. కొద్ది సంవత్సరాలలోనే అనేక ముఠాలు బాకీపడి మళ్ళీ వేలానికి వచ్చాయి. 'వేలంవెర్రి' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ ముఠాదారులే జ్ఞప్తికి వస్తారు.

పాత జమీందారుల గతి కూడా అంతకంటె మెరుగుగా లేదు. నందన నామ సంవత్సరంలో, అనగా 1832-33లో, గుంటూరు సీమను డొక్కల కరవు పీల్చివేసింది. జనంలో ఎంతో భాగం నశించింది. కౌలు ఇచ్చే రైతే లేనప్పుడు పేష్కషు కట్టే జమీందారు ఎక్కడ? తరువాతి పదిపదిహేను సంవత్సరాలలో గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాల జమీందారీలు బాకీల క్రింద వేలానికి వచ్చాయి. పెద్ద ఆస్తులను పాడుకొనే స్తోమత గలవారు లేక చాలావాటిని ప్రభుత్వమే పాడుకొన్నది. బాకీదారు పైన వేలం వేసేది ప్రభుత్వం, పాడేది ప్రభుత్వం. ఒకే గొంతు పాడే పాటలో ధర పెరగదు కదా. వేలానికి ప్రాణం పాడేవారి సంఖ్య. ఆ సూత్రం గుంటూరు జమీందారుల విషయంలో ఎంత నిజమో, తరువాతి కాలంలో పెంకుటింటి గృహస్థు విషయంలోనూ అంతే నిజమయింది.

ఇక ఇళ్ళ సంగతికి వద్దాం. 1859లో మొదటి సివిల్ ప్రొసీజర్ కోడు వచ్చింది. దానిని సవరిస్తూ 1877లో, 1882లో కొత్తవి వచ్చి, చివరకు 1908 నాటిది స్థిరపడింది. సవరణలతో నేటికీ అమలులో ఉన్నది అదే. అందులో ఇరవై ఒకటవ ఆర్డరు ఒక చిన్న గ్రంథమంత ఉంటుంది. తెలుగువారి అప్పుల చరిత్ర వ్రాయదలచినవారు కావ్యాలకంటె ముందు దీనిని చదువవలసి ఉంటుంది. అప్పిచ్చినవాడు డిక్రీ పొందుతాడు. అమలుకు దరఖాస్తు పెడతాడు. ఇల్లు జప్తు అవుతుంది. జప్తు అయిన తరువాత యజమాని దానిని ఎవరికి వ్రాసి ఇచ్చినా డిక్రీదారు మీద అది చెల్లదు. పిమ్మట వేలం ప్రకటన. దానిలో ఆస్తి వివరం, దాని మీది బాధ్యతలు, ఎంత సొమ్ముకు వేలమో ఉండాలి. ఆ ప్రకటన ఇంటి మీద, న్యాయస్థానం గోడ మీద అంటించాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఆస్తి ఉన్నచోట గాని, దాని పక్కన గాని టముకు వేయించి గాని, అక్కడి ఆచారమైన మరో విధంగా గాని చాటించాలి.

ఈ టముకు పల్లె గృహస్థుకు మరణతుల్యం. వీధిలో డప్పు మోగుతూంటే, ఇంటిపేరుతో సహా బాకీ మొత్తం గట్టిగా చదువుతూంటే, తలుపులు వేసుకొని లోపల కూర్చున్న కుటుంబాన్ని ఊహించుకోండి. ఆడపిల్ల పెండ్లి సంబంధం చూస్తున్న ఇల్లయితే మరి చెప్పనక్కరలేదు. అందువల్ల ఆ ఇంటివారు చేసే మొదటి ప్రయత్నం వేలం ఆపడం కాదు, డప్పు ఆపడం. అమీనాను, బంట్రోతును ప్రాధేయపడడం, చేతిలో ఏదో పెట్టి, చాటింపు వేసినట్లు కాగితం మీద వ్రాసుకొని పొమ్మనడం. అప్పిచ్చినవాడు కూడా ఈ పెద్దమనిషి తరహాకు సంతోషంగా ఒప్పుకొనేవాడు. ఎందుకు ఒప్పుకోడు? చాటింపు లేకపోతే పైఊరి వారికి తెలియదు. ఊరిలోని వారు సాటివాని ఇల్లు పాడుకోవడం తప్పని వెనుకాడతారు. వేలం నాడు మిగిలేది డిక్రీదారు ఒక్కడే. న్యాయస్థానం అనుమతి తీసుకొని డిక్రీదారు కూడా పాడవచ్చును, పాట సొమ్మును తన బాకీలో మినహాయించుకోవచ్చును. వెయ్యి రూకల ఇల్లు మూడువందలకు ఖాయమవుతుంది. ఇల్లు పోయిన తరువాత కూడా బాకీ మిగులుతుంది.

అంటే డప్పు మోగకపోవడం వల్ల నష్టపోయింది ఆ డప్పుకు సిగ్గుపడినవాడే. చట్టం ఈ సంగతి ఎరుగును. ప్రకటనలోనో, వేలం నడపడంలోనో ముఖ్యమైన లోపం గాని మోసం గాని జరిగి, దానివల్ల గట్టి నష్టం కలిగిందని రుజువు చేస్తే వేలం రద్దు చేయవచ్చునని తొంబయ్యవ నిబంధన. ధర తక్కువ పలికిందన్న ఒక్క కారణం చాలదు, లోపమూ చూపాలి, ఆ లోపం వల్లనే నష్టమనీ చూపాలి. ఆ నిబంధన క్రింద పడిన వ్యాజ్యాలలో మళ్ళీ మళ్ళీ వినబడే ఫిర్యాదు ఒకటే: టముకు వేయలేదు, వేసినట్లు వ్రాశారు. డప్పు మోగరాదని వేడుకొన్న ఇంటివారే డప్పు మోగలేదని పిటిషను వేయడంలో హాస్యమున్నదనేవారు ఉంటారు. నాకు మాత్రం అందులో హాస్యం కనబడలేదు. పరువు ఒక త్రాసు, ధర ఒక త్రాసు. రెండింటినీ ఒకే డప్పుతో తూచమన్నది చట్టం.

అదే శాసనంలో అరవయ్యవ సెక్షను ఒకటి ఉన్నది. జప్తు చేయరాని వస్తువుల పట్టిక అది. బాకీదారుకు, భార్యకు, బిడ్డలకు అవసరమైన బట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ తన ఒంటి నుండి తీయరాని ఆభరణాలు, చేతిపనివాని పనిముట్లు, సేద్యగాని నాగలి, ఎడ్లు, విత్తనాలు. సేద్యగాడు, కూలివాడు, ఇంటి పనివాడు తానుంటున్న ఇల్లు కూడా ఆ జాబితాలో ఉన్నది. ఇంగ్లీషులో వ్రాసిన ఆ శుష్కవాక్యం వెనుక మంగళసూత్రం ఉన్నది. శాసనం వ్రాసినవారికి ఆ పేరు నోరు తిరగకపోయినా, దానిని తాకరాదని మాత్రం తెలిసింది.

పాడుకొన్నవాని కష్టాలు వేరు. న్యాయస్థానపు వేలంలో కొనేది నిజానికి ఇల్లు కాదు, ఆ ఇంటిలో బాకీదారుకు ఎంత హక్కు ఉన్నదో అంత మాత్రమే. ఆ హక్కు మంచిదని ఎవరూ హామీ ఇవ్వరు. ఉమ్మడి కుటుంబాల కాలంలో దీని ఫలితం ఊహించవచ్చును. నలుగురు అన్నదమ్ముల ఇంటిలో ఒకని బాకీకి వేలం జరిగితే, కొన్నవానికి దక్కేది ఆ ఒక్కని అవిభక్త భాగాన్ని విభజించి ఇమ్మని అడిగే హక్కే అని 1877లో ప్రివీ కౌన్సిల్ నిర్ణయించింది. దానికి మూడేళ్ళ ముందే అదే న్యాయస్థానం, తండ్రి అవినీతికి కాక చేసిన అప్పుకు పూర్వీకుల ఆస్తిలో కొడుకుల భాగం కూడా కట్టుబడుతుందని చెప్పి ఉన్నది. కనుక ప్రతి వేలం వెనుక ఒక ప్రశ్న: ఈ అప్పు దేనికి చేసినది? పొలానికా, పేకాటకా? కొడుకులు తండ్రి దురలవాట్లను న్యాయస్థానంలో రుజువు చేసి ఇల్లు నిలుపుకోవలసి రావడం కంటె దుఃస్థితి మరేమున్నది?

నివాసగృహం విషయంలో మాత్రం శాసనకర్తలు ఒక గీత గీశారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నలభై నాలుగవ సెక్షను ప్రకారం, అవిభక్త కుటుంబపు నివాసగృహంలో ఒక భాగం కొన్న పరాయివాడు ఆ ఇంటిలో వారితో కలిసి కాపురం ఉంటానని కోరలేడు. 1893 నాటి విభజన చట్టం నాలుగవ సెక్షను ఇంకొక అడుగు వేసింది. అటువంటి పరాయివాడు విభజన కోరి దావా వేస్తే, కుటుంబంలోనివారు ఆ భాగాన్ని న్యాయస్థానం కట్టిన వెలకు తామే కొంటామనవచ్చును. అప్పుడు అతడు సొమ్ము తీసుకొని పోవలసినదే. ఒకే వంటింటి చుట్టూ తిరిగే కుటుంబం మధ్య వేలంలో కొన్న అపరిచితుడు మంచం వేసుకొని కూర్చోరాదన్నది దీని భావం. ఆంగ్లేయ న్యాయశాస్త్రంలో నాకు ఆత్మీయంగా తోచే చోట్లు ఎక్కువ లేవు, ఇది వాటిలో ఒకటి.

బంధువులే చాటుగా ఇల్లు దక్కించుకొనే మార్గం ఒకటి ఉండేది. బావమరిది సొమ్ము, స్నేహితుని పేరు. స్నేహితుడు పాడుకొంటాడు, ఇల్లు ఇంటివారిదే అవుతుంది. అయితే పత్రంలో పేరున్న స్నేహితునికి బుద్ధి మారితే? అతడు నా తరపున కొన్నాడని దావా వేయడానికి వీలులేదని అరవై ఆరవ సెక్షను నోరు నొక్కేది. 1988లో బేనామీ చట్టం వచ్చినప్పుడు ఈ సెక్షను రద్దయి, దాని స్థానంలో అన్ని బేనామీలకూ వర్తించే నిషేధం వచ్చింది. ఈ మధ్యకాలంలో ఎన్ని స్నేహాలు ఇలా ముగిసి ఉంటాయో లెక్క తేల్చగలవారు లేరు.

ముప్ఫయ్యవ దశకపు ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర కూలింది గాని అప్పు అంకె కూలలేదు. వేలాలు పెరిగాయి. రాజాజీ ప్రభుత్వం 1938లో మద్రాసు రైతు ఋణ విమోచన చట్టం (ఆ యేటి నాలుగవ చట్టం) తెచ్చింది. పాత అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ రద్దు. అసలుకు రెట్టింపు ఇప్పటికే ముట్టి ఉంటే అప్పే తీరిపోయినట్లు. వడ్డీ అసలును మించరాదన్న మన స్మృతికారుల ద్వైగుణ్య నియమమే ఇది, వేషం మార్చుకొని శాసనసభలోకి వచ్చింది. ఆ తేదీ తరువాత జరిగిపోయిన వేలాలను కూడా రద్దు చేయించుకొనే వీలు రైతుకు ఈ చట్టం కల్పించింది. పాడుకొన్నవారు గగ్గోలు పెట్టారంటే ఆశ్చర్యం లేదు.

ఇల్లు పోయిన తరువాత కూడా తిరిగి తెచ్చుకొనే ద్వారం ఒకటి సివిల్ కోడులో ఉన్నది. ఎనభై తొమ్మిదవ నిబంధన. బాకీ మొత్తం, దానికి తోడు పాడుకొన్నవానికి నష్టపరిహారంగా పాట సొమ్ములో నూటికి 5 వంతులు న్యాయస్థానంలో కడితే వేలం రద్దవుతుంది. లోపం చూపనక్కరలేదు, మోసం చూపనక్కరలేదు. ఎంత గడువులోగా? ఇక్కడ ఒక చిత్రం జరిగింది. దరఖాస్తుకు ఉన్న 30 రోజుల గడువును 1976లో 60 రోజులు చేశారు. సొమ్ము కట్టే గడువును మాత్రం మరచి 30 రోజులుగానే ఉంచారు. అడగడానికి రెండు నెలలు, కట్టడానికి ఒక నెల! 1990లో సుప్రీంకోర్టు, సొమ్ముకు 30 రోజులే అన్నది. ఆ లెక్కన 31వ రోజున సొమ్ము మూట తెచ్చినవాని ఇల్లు దక్కదు. చివరికి తెలుగునాటి వ్యాజ్యం ఒకటి 2001లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు వెళ్ళి, రెండింటికీ 60 రోజులే అని తీర్పు తెచ్చింది. మరుసటి యేడు శాసనంలోనూ ఆ అంకె దిద్దారు. ఒక అంకెను దిద్దుకోవడానికి ఇరవై అయిదేళ్ళు పట్టింది.

ఆ 2002లోనే వేలం న్యాయస్థానం గడప దాటి బ్యాంకు గడపలోకి వచ్చింది. సర్ఫేసీ చట్టం ప్రకారం, ఇల్లు తాకట్టు పెట్టి తీసుకొన్న అప్పు మొండిబాకీ అయితే బ్యాంకు దావా వేయనక్కరలేదు. 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తరువాత తానే స్వాధీనం చేసుకొని తానే వేలం వేయవచ్చును. (వ్యవసాయ భూమికి ఇది వర్తించదు.) ట్రిబ్యునలుకు మొర పెట్టుకోవాలంటే బాకీలో 75 శాతం ముందు కట్టాలన్న షరతును 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది, మిగిలిన చట్టం నిలిచింది. టముకుకు బదులు రెండు దినపత్రికలలో ప్రకటన వచ్చింది, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. మన పత్రికలలో చీమతలకాయలంత అక్షరాలతో పుటలు నిండే ఆ ప్రకటనలు చూస్తూనే ఉన్నారు కదా. తెలుగు పండితునిగా వాటి భాష మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. అయినా ఒక్క మాట మెచ్చుకోవాలి: ఆస్తిని 'ఉన్నది ఉన్నట్లుగా, ఉన్నచోట ఉన్నట్లుగా' అమ్ముతారట. న్యాయస్థానపు వేలంలో హక్కుకు హామీ లేదన్న పాత సూత్రాన్నే నాలుగు మాటలలో చెప్పారు. పాత యజమాని విద్యుత్తు బాకీని సైతం, నిబంధనలు అనుమతిస్తే, కొత్త కనెక్షను ఇచ్చేముందు కొన్నవాని దగ్గర అడగవచ్చునని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటితో పాటు మీటరు చరిత్ర కూడా కొనుక్కొన్నట్లే.

టముకుతో మొదలుపెట్టిన ప్రశ్న ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. బ్యాంకు వేలాలలో బాకీదారు సొమ్ము కట్టి ఇల్లు విడిపించుకొనే హక్కు మొదట అమ్మకం దాకా ఉండేది. 2014లో సుప్రీంకోర్టు, కొన్నవాని పేర బదిలీ పూర్తయ్యేదాకా ఆ హక్కు ఉంటుందన్నది. 2016లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు వేలం ప్రకటన వెలువడేలోపే కట్టాలి. ప్రకటన వెలువడితే ఆ హక్కు అంతరించినట్లేనని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. న్యాయస్థానం వేలంలో పాట ముగిసిన తరువాత 60 రోజులు, బ్యాంకు వేలంలో పాట మొదలుకాకముందే ద్వారం మూత. దీనికి ఒక కారణం చెబుతారు: చివరి నిమిషంలో బాకీదారు సొమ్ము తెచ్చి వేలాన్ని తలక్రిందులు చేయగలిగితే ధైర్యంగా పాడేవాడు ఉండడు, ధర పలకదు, దానివల్ల బాకీదారుకే నష్టం. వాదం తీసిపారవేయదగినది కాదు. అయినా నాకు మింగుడు పడడం లేదు. లిన్స్‌ఖోటెన్ చూచిన గోవా వీధిలోను, మన సివిల్ కోడులోను ప్రకటన అనేది సొత్తుగలవానికి రక్షణగా పుట్టింది. "ఇదిగో, నీ ఇల్లు వేలానికి వస్తున్నది, మేలుకో" అనడమే దాని పని. మేలుకొలిపే డప్పు మోగిన క్షణంలోనే తలుపు మూసివేయడం ఆ మాట పుట్టుకకు విరుద్ధంగా తోస్తున్నది.

పాడుకొనేవాని మీద కూడా పట్టు బిగిసింది. పాట ఖాయమైన రోజునే, లేదా మరుసటి పనిదినానికి నాలుగోవంతు కట్టాలి, మిగిలినది ఖరారైన 15 రోజులలో. ఇరుపక్షాలూ ఒప్పుకొంటే గడువు పెరుగుతుంది గాని మూడు నెలలు దాటదు. కట్టలేకపోతే కట్టినది పోతుంది. ఆ నాలుగోవంతు మొత్తాన్ని బ్యాంకు ఉంచుకోవడం సబబేనని 2024లో తీర్పు వచ్చింది. గృహఋణం మంజూరు కాగలదన్న ఆశతో పాటకు దిగే మధ్యతరగతివారు ఈ లెక్క ముందు వేసుకోవాలి. ఇంట్లో అద్దెకున్నవారు ఎవరో, ఈసీలో ఏమున్నదో, పన్ను బాకీ ఎంతో చూచుకొన్న తరువాతనే పాట. పాట అంటున్నాను గాని ఇప్పుడు అది కూడా లేదు. తెర మీద అంకెలు మారతాయి, చివరి నిమిషంలో ఎవరైనా హెచ్చిస్తే గడియారం మరి అయిదు నిమిషాలు పొడిగించుకొంటుంది. పాడేవారు ఒకరి ముఖం ఒకరు చూడరు, ఇంటివారి ముఖం అసలే చూడరు. ఒకటోసారి, రెండోసారి అనే గొంతు లేదు. తెలుగువారి ఇళ్ళలో గొంతెత్తి పాడే పాట ఇంకా మిగిలి ఉంటే అది చీటీపాటలోనే. అక్కడ ఎక్కువ తగ్గించుకొన్నవాడు గెలుస్తాడు, అదొక వేరే కథ.

ఇక ఆ పత్రికా ప్రకటనలలో నేను తప్పక చదివే భాగం చిట్టచివరి నాలుగు పంక్తులు. తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన ఫలానావారి ఖాళీస్థలం, పడమట వీధి, ఉత్తరాన ఫలానావారి గోడ. విజ్ఞానేశ్వరుని కాలంలో అమ్మకానికి సమ్మతి తెలుపవలసిన ఇరుగుపొరుగువారు వీరే. వీరి పేర్లు ఇప్పటికీ అచ్చవుతున్నాయి, హద్దుల క్రింద.